చూచువారి కొరకు కొట్టు దెబ్బ

మొన్న ప్రొద్దుటూరినుండి ఎర్రగుంట్లకు వచ్చు బస్సులో ఒక చిన్న సంగతి జరిగినది. చిన్న సంగతియే కదా యని అందరును నవ్వి మరచిరి. అప్పుడు నేనును నవ్వితిని. ఇంటికి వచ్చిన తరువాత మాత్రము ఆ నవ్వు నాకు జీర్ణము కాలేదు.

ఒక తండ్రి తన కొడుకును తొడపై కూర్చుండబెట్టుకొని యుండెను. కండక్టరు వచ్చి "ఏమప్పా, పిల్లోనికి ఎన్నేండ్లు?" అని అడిగెను. అయిదేండ్లు నిండని పిల్లలకు టిక్కెట్టు లేదు. నిండినవారికి పండ్రెండేండ్లవరకు అరటిక్కెట్టు. తండ్రి తడుముకొనక "నాలుగు" అనెను. కిటికీలోనుండి బయటకు చూచుచున్న పిల్లవాడు ఇటు తిరిగి, తండ్రి లెక్క తప్పినాడే యని నిజముగా జాలిపడి, "కాదు నాయనా, నాకు ఆరు. మొన్ననే కదా కేకు కోసినాము!" అని సవరించెను. బస్సంతయు గొల్లుమన్నది. కండక్టరు నవ్వుచు అరటిక్కెట్టు చేతిలో పెట్టెను. తండ్రియు ఒక ఇగిలింపు నవ్వు నవ్వి డబ్బిచ్చెను. కండక్టరు నాలుగు వరుసలు ముందుకు పోయినదాక తాళి, ఆ తరువాత పిల్లవాని తొడ గిల్లి, వాడు ఏడువబోగా చెంపమీద ఒకటి వేసెను. "ఇంతమందిలో పరువు తీసినావు కదరా! పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు నోరు మూసుకోని ఉండలేవా?"

ఆ పిల్లవాడు చేసిన నేరమేమి? అబద్ధమాడినవాడు తండ్రి. నిజము చెప్పినవాడు కొడుకు. శిక్ష అనుభవించినవాడు కొడుకు. శిక్ష విధించినవాడు తండ్రి. దోషియే న్యాయాధిపతియై సాక్షిని శిక్షించు న్యాయస్థానము మన సంసారములలో తప్ప మరెక్కడనైన కలదేమో చదువరులే చెప్పవలెను. అండర్సను 1837లో ప్రకటించిన రాజుగారి క్రొత్తబట్టల కథను నేను ఏటేట తరగతిలో చెప్పుదును. రాజు దిగంబరుడని అందరియెదుట పలికిన పసివానిని మెచ్చుకొని పిల్లలచేత చప్పట్లు కొట్టింతును. ఆ పసివాడే మన బస్సెక్కినచో వాని చెంప వాచునుగదా యని నాకు ఇన్నాళ్లును తోచకపోయెను.

అయినను ఆ తండ్రి నొక్కనినే తప్పుపట్టి ఊరకుండుట ధర్మము కాదు. అరటిక్కెట్టు వెలకొరకు అతడు కొట్టలేదు. ఆ డబ్బు జేబులోనుండి తీయునప్పుడు అతని ముఖమున కోపము లేదు. మా నవ్వు చెవిని బడిన పిమ్మటనే అతని చేయి దురద పెట్టినది. మేము నవ్వకుండినయెడల ఆ దెబ్బ పడకపోయెడిది. కావున కొట్టిన చేయి తండ్రిదైనను, కొట్టించినవారము మేము. అందులో నేనొకడను. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుకొనుటకే వ్రాయుచున్నాను.

నలుగురిలో పసిపిల్లలు మన తల వంపించు సందర్భములు ఎన్ని లేవు! ఎర్రగుంట్ల స్టేషనుకు 2016లో నంద్యాల రైలు వచ్చి మన ఊరు జంక్షనైనది. ఆ ప్లాట్‌ఫారముమీద ఒక అరగంట కూర్చుండి చూడుడు. ఇట్టివి నాలుగైదైనను కనబడును. ఒక బిడ్డ బొమ్మ కొనిమ్మని నేలబడి దొర్లును. ఒకడు బట్టలో పోసికొనును. ఒకతె ప్రక్క బల్లమీది ముసలాయనను వ్రేలు పెట్టి చూపి, "అమ్మా, ఆ తాతకు ఒక కాలు యాడ పోయింది?" అని స్టేషనంతయు వినునట్లు అడుగును. మరియొకడు, మేనత్త ఎదుటనే, "అత్త ఎప్పుడు పోతుందని నీవు నాయన్ను అడుగుతుంటివే!" అని తల్లిని నిలదీయును. వీనిలో ఏ యొక్కటియు ఇంటిలో జరిగినప్పుడు మనకు అవమానము కాదు. కొన్నిటికి విసుగుకొందుము, కొన్నిటికి నవ్వుకొందుము, కొన్నిటిని చుట్టములకు ఫోనుచేసి చెప్పి మురిసిపోదుము. నలుగురి కన్నులు పడినప్పుడే అవి నేరములగుచున్నవి. తిరుమల కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించునప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడ్చును. అప్పుడు తల్లిదండ్రులు సిగ్గుపడుదురా? ఫొటోలు తీయుదురు! అదే గొంతు, అదే యేడుపు, అదే బిడ్డ; మరునాడు తిరుగుప్రయాణపు రైలులో ఏడ్చెనా, వీపు పగులును. ఏడుపు మారలేదు. చూచువారి ముఖములు మారినవి. బిడ్డ తన యేడుపునకు దెబ్బలు తినుట లేదు. ఎదుటి బల్లమీది అపరిచితుని ముఖపు ముడుతలకు తినుచున్నది.

ఈ చూచువారి సంగతి కొంత విప్పి చెప్పవలెను. బిడ్డ నేలబడి ఏడ్చుచుండగా తల్లికి సాయము వచ్చువారెందరు? ఒకామె "మా కాలంలో ఇట్ల లేదమ్మా" యనును. ఒకాయన వార్తాపత్రిక దింపి, కండ్లద్దముల పైనుండి చూచి, మరల ఎత్తుకొనును. ఒకడు ఉపకారబుద్ధితోనే, "రేయ్, పోలీసు వస్తున్నాడు, పట్టుకపోతాడు" అని బెదిరించును. ఆ తండ్రి ప్రక్కననే నిలుచుండి సెల్లుఫోను చూచుకొనుచుండును, వానిని ఎవ్వరును చూడరు. "ఏం పెంపకమో!" అను మాట వినవచ్చినప్పుడు అందరి చూపులును తల్లిమీదికే పోవును. బిడ్డ పద్యము చెప్పినచో వంశమునకు కీర్తి, బట్ట తడుపుకొనినచో తల్లికి అపకీర్తి. ఇట్లు చుట్టు ముట్టడి వేయబడిన తల్లి ఏమి చేయును? చుట్టునున్నవారు కోరుచున్నదేదో అది చేయును. ఆమె కొట్టిన దెబ్బకు అర్థము "అయ్యలారా, నేను పెంపకము తెలియనిదానను కాను, చూడుడు" అని. అది మనకు ఆమె చెల్లించు పన్ను. వసూలు చేయుచున్నవారము మనము, మోయుచున్నది మూడేండ్ల పసిగుడ్డు.

ఈ మాట నేను మా ఊరి మిత్రగోష్ఠిలో అన్నప్పుడు ఒక పెద్దమనిషి వెంటనే చాణక్యుని పేర వాడుకలోనున్న శ్లోకము నెత్తుకొనెను. పదేండ్లు తాడనము చేయవలెనట! నేనును సంస్కృతము చదివినవాడనే గాన, "అయ్యా, ఆ శ్లోకపు మొదటి మాట ఏమి?" అని అడిగితిని. మొదటి అయిదేండ్లు లాలింపుమని దాని మొదటి మాట. దండనము ఆ తరువాతి పదేండ్ల విషయము. ఆ పదేండ్ల మాటతోను నేను ఏకీభవింపను. అది వేరు చర్చ. కాని మనము బస్సులలోను బజారులలోను కొట్టుచున్న పిల్లలు మూడు నాలుగేండ్లవారు. శాస్త్రము పేర వీరిని కొట్టువారు శాస్త్రమునే మొదట ఉల్లంఘించుచున్నారు. మనకు రెండవ పాదము కంఠస్థము, మొదటి పాదము విస్మృతము.

శాస్త్రము వలదు, పురాణము విందమందురా? భాగవతములో యశోద పడిన అవమానము ఏ తల్లియైన పడెనా? వ్రేపల్లెలోని ఆడువారందరును గుంపు కట్టి యింటిమీదికి వచ్చి, నీ కొడుకు మా వెన్న దొంగిలించెను, మా దూడలను విప్పెను అని వీథియంతయు వినునట్లు మొర పెట్టుకొనిరి. ఆ ఘట్టము హరికథలో వచ్చినప్పుడు మన కన్నులలో ఆనందబాష్పములు! ఆమె ఱోటికి కట్టలేదా యని మీరు అడుగుదురు. కట్టినది, నేను దాచను. కాని కట్టుటకు ముందు, బిడ్డ బెదరిపోయినాడని చూచి చేతికర్రను పారవేసినదని మూలములోనే యున్నది. హరిదాసుగారు ఱోటి కథ గంటసేపు చెప్పి కర్ర పారవేసిన మాట అరనిమిషములో దాటవేయుదురు. ఇక శాకుంతలము ఏడవ అంకములో దుష్యంతుడు, ఎవరి కొడుకో తెలియని పిల్లవానిని చూచి, బిడ్డల యొంటి దుమ్ము తమ బట్టలకు అంటించుకొను తలిదండ్రులు ధన్యులని తలపోసెను. చక్రవర్తి ధూళిని కోరుకొనెను. మనము పెండ్లికి కట్టిన పట్టుచీరపై పాలచుక్క పడినచో బిడ్డను ఉరిమి చూతుము.

"భయము లేక పిల్లలు చెడుదురు, నేటి పిల్లలను చూడరాదా?" అను వాదమునకు నేను ఎక్కువ కాలము వెచ్చింపను. నేటి పిల్లలు చెడినచో మన గారాబమువలన కంటె, నలుగురిలో నోరు మూయించుటకై వారి చేతిలో పెట్టిన సెల్లుఫోనువలననే ఎక్కువ చెడుచున్నారు. అదియు చూచువారికొరకు ఇచ్చిన లంచమే, దెబ్బకు చెల్లెలు.

ఇంతవరకు పరులను గూర్చి వ్రాసితిని. ఇక నా సంగతి. కొన్ని యేండ్ల క్రిందట బంధువుల పెండ్లికి బట్టలు తీయుటకై ప్రొద్దుటూరు పోయితిమి. దసరా దినములు. అమ్మవారిశాల వేడుకలకు చుట్టుప్రక్కల ఊళ్లన్నియు అక్కడికే కదలుట మీరెరుగుదురు. వీథులలో ఇసుక వేసిన రాలదు. ఒక బట్టల అంగడిలో తెల్లదుప్పటి పరచిన పరుపుమీద కూర్చుండి చీరల బేరమాడుచుంటిమి. నా కూతురికి అప్పుడు నాలుగేండ్లు. "నాయనా, ఒంటికి పోవల్ల" అనినది. "ఉండు, ఇప్పుడే" అంటిని. మరల అనినది. "ఉండమంటిని కదా" అంటిని. చీరవెల నూరు రూపాయలు తగ్గించుటలో నేను తీరిక లేకయుంటిని. మూడవమారు అది ఏమియు అనలేదు. తెల్లదుప్పటిమీద తడి ప్రాకినది. అంగడిలో ఇరువదిమంది యుండిరి. నాకు చెవులు కాలిపోయినవి. పిల్లను లేవనెత్తి, అందరును చూచుచుండగా, వీపుమీద రెండు దెబ్బలు కొట్టితిని. "చెప్పకూడదా?" అని కూడ అంటిని. రెండుమార్లు చెప్పిన బిడ్డను చెప్పకూడదా యని అడిగిన తండ్రిని నేను!

అది అంతటితో పోలేదు. ఆనాటినుండి నా కూతురు బయటికి పోయినప్పుడెల్ల మంచినీరు త్రాగుట మానివేసినది. బడిలోను బిగబట్టుకొని యింటికి వచ్చుచుండెను. మాకు తెలియలేదు. రెండు నెలలకు జ్వరము వచ్చినది. మూత్రము పోయునప్పుడు మంటయని ఏడ్చినది. వైద్యుడు పరీక్ష చేయించి, మూత్రనాళములో రోగక్రిములు చేరినవనియు, పిల్లలు బిగబట్టుకొనినచో ఇట్లు జరుగుట కలదనియు చెప్పి, "ఎందుకమ్మా పోకుండ ఉంటావు?" అని దానినే అడిగెను. అది నా ముఖము చూచి తల వంచుకొనెను. చదువుకొన్నవాడను, పదిమంది పిల్లలకు బుద్ధులు చెప్పువాడను. ఆ గదిలో కూర్చున్న కుర్చీ నన్ను మింగిన బాగుండుననిపించెను.

ఈ అలవాటు మన ఊళ్లలోనే యుండిపోలేదు. మన పెట్టెలతోపాటు సముద్రములు దాటినది. నార్వే దేశపు ఓస్లో నగరములో 2012 డిసెంబరులో ఒక న్యాయస్థానము ఆంధ్రదేశమునుండి పోయిన ఒక దంపతులకు, ఏడేండ్ల కొడుకును హింసించిరను నేరముపై, తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు కారాగారశిక్ష విధించెను. బంధువులు పత్రికలకు చెప్పినదేమనగా, పిల్లవాడు బడి బస్సులో బట్ట తడుపుకొనుచుండెననియు, ఇంకొకమారు ఇట్లు చేసితివేని ఇండియాకు పంపివేయుదునని తండ్రి బెదరించెననియు, పిల్లవాడు ఆ మాట బడిలో చెప్పెననియు. ఆరోపణలు దీనికంటె తీవ్రమైనవి. న్యాయస్థానము వారిని దోషులనెను. ఆ ఇంటిలో జరిగిన దానికి నేను సాక్షిని కాను, తీర్పుపై తీర్పు చెప్పబోను. నాకు జ్ఞాపకమున్నది ఇక్కడి కోలాహలము. పరదేశపు చట్టము మన సంస్కృతిని అర్థము చేసికొనలేదని కొందరు, కన్నబిడ్డను మందలించు హక్కు లేదా యని కొందరు, దినములతరబడి వాదించిరి. ఏడేండ్ల పిల్లవాడు బస్సులో ఏల తడుపుకొనుచుండెను? భయమా, రోగమా, తోటిపిల్లల వేధింపా? ఈ ప్రశ్న అడిగిన వాదము ఒక్కటియు నా చెవిని పడలేదు. అతని తడిసిన బట్ట మనకు కనబడలేదు. మన జాతి పరువు తడిసినట్లు కనబడినది. బస్సులోని తండ్రియు, అంగడిలో నేనును చేసిన పనినే అప్పుడు ఆంధ్రదేశములోని పెద్దమనుష్యులు పలువురు చేసిరి.

నార్వే 1987లో తల్లిదండ్రులును పిల్లలను కొట్టరాదని చట్టము చేసెను. స్వీడను అంతకు ముందే 1979లో చేసెను. మన పొరుగున నేపాళము 2018లో చేసెను. మనదేశములో 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించినది. మాబోటి పంతుళ్లు అప్పుడు, బెత్తము లేనిదే చదువెట్లు వచ్చునని గొణిగితిమి. చదువు వచ్చుచునే యున్నది. మా గొణుగుడే ఆగినది. ఇంటి గడప లోపలికి ఆ నిషేధము ఇంకను రాలేదు.

వచ్చిన మేలే. కాని చట్టముకంటె నన్ను ఎక్కువ కలతపెట్టుచున్నది వేరొకటి. కేంద్రప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక పరిశోధన ప్రకటించినది. ఆంధ్రప్రదేశముతో కలిపి 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగి వ్రాసినది. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తినినవారే. ఇంటిలో దెబ్బలు తినినవారిలో 88.6 శాతము మందిని కొట్టినది కన్నవారు. ఇది మనము ఊహింపదగినదే. సగముకంటె ఎక్కువమంది, అనగా 53.22 శాతము, ఏదో యొక విధమైన లైంగికదుష్కార్యమునకు లోనైతిమని చెప్పిరి. వారిలో అత్యధికులు ఆ సంగతి అంతకు ముందు ఎవ్వరికిని చెప్పలేదు. ఏల చెప్పలేదు? చదువరులు తమ గుండెమీద చేయి వేసికొని ఆలోచింపవలెను. బట్ట తడిసినందుకు దెబ్బ తినిన పిల్ల, తన శరీరములో జరుగునదంతయు సిగ్గుపడవలసిన దోషమని నేర్చుకొనును. ఆరేండ్లని నిజము చెప్పి చెంపదెబ్బ తినిన పిల్లవాడు, పెద్దల పరువునకు భంగకరమగు నిజము చెప్పరాదని నేర్చుకొనును. ఈ రెండు పాఠములను నేర్చిన బిడ్డను రేపు ఒక దుర్మార్గుడు, వాడు చుట్టమో పొరుగువాడో మాబోటి పంతులో, చెరచబోయినప్పుడు, బిడ్డ ఎవరితో చెప్పుకొనును? నోరు మూసికొనుమని మనము నేర్పితిమి. మన శిక్షణ ఫలించినది.

"ఐతే ఏమి చేయుమందువు? రైలులో బిడ్డ ఏడ్చుచుండగా చేతులు కట్టుకొని కూర్చుండుమందువా?" చేతులు కట్టుకొనుటయే చాల మేలు. బిడ్డను ఎత్తుకొని కొంత దూరము పొండు, తడిసినచో బట్ట మార్చుడు, పొరుగువారిని మన్నింపుమనుడు. మన్నింపుమని అడుగుటకు మనకు నోరున్నది, బిడ్డ వీపుతో అడిగింపనక్కరలేదు. కాలు లేని తాతను గూర్చి బిడ్డ అడిగినచో, ఆ తాతనే అడుగుమనుడు. ఒకనాడు ఒక తల్లి అట్లు చేసినది. నాపరాళ్ల గనిలో బండ మీద పడి పోయినదని ఆ వృద్ధుడు ఎంతో ఓపికతో చెప్పి, బిడ్డచేత తన ఊతకర్రను పట్టించెను. ఇక చూచువారమైనప్పుడు మనము చేయవలసినది ఇంకను సులభము. ఆ తల్లి చేతిసంచి ఒకటి అందుకొనుడు. అదియు చేతకానిచో కిటికీలోనుండి బయటకు చూడుడు.

నా కూతురికి నయమైన తరువాత మరల ఒకనాడు దానిని వెంటబెట్టుకొని ఆ అంగడికే పోయితిని. క్షమాపణ చెప్పుకొందమని పోయితిని. అంగడివానికి కాదు, ఆ చోటనే దానికి చెప్పవలెనని. అంగడివానితో, "ఆనాడు మా పిల్ల దుప్పటి పాడు చేసినది, మీకు జ్ఞాపకముండవచ్చును" అంటిని. అతడు కొంతసేపు నా ముఖము చూచెను. "ఏ పిల్ల సార్? పండగ దినాల్లో రోజుకు ఇద్దరు ముగ్గురన్నా పోస్తారు. దానికే కదా దుప్పటి పరిచేది, ఉతికేది" అని, మరల చీరలు మడతపెట్టుకొనుచు, నా ప్రక్కన నిలుచున్న పిల్లవైపు వంగి, "పోవల్లనా పాపా?" అని అడిగెను. అది నా వైపు చూచెను. నేను తల యూపితిని. అతడు అంగడి వెనుకనున్న దొడ్డికి దారి చూపెను.